ఆది సంఘం పడిన తేదీ

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు ఆది సంఘం భ్రష్టమైంది. అనుకూలంగా నలభై ఒక్క ఓట్లు, వ్యతిరేకంగా ముప్పై ఎనిమిది.

ఓటింగు డెల్టా ప్రాంత మహాసభ హాల్లో జరిగింది. కృష్ణా కాలువల పొడుగునా ఉన్న నూట పన్నెండు క్రైస్తవ సంఘాలు ఈ మహాసభ కిందికి వస్తాయి. సభ్యులు తేల్చవలసిన ప్రశ్న ఒకటే. అపొస్తలుల కాలంలో పుట్టిన మొదటి సంఘం వాళ్ళు పోయాక దారి తప్పి భ్రష్టమైందా, లేక ఈనాటి దాకా తెగకుండా నిలిచి ఉందా?

ఈ ప్రశ్న మూడేళ్ళ క్రితం ఒక పరీక్షలో పుట్టింది. బోధకుల పరీక్ష, రెండో పేపరు, ఆరో ప్రశ్న: 'ఆది సంఘము భ్రష్టమైనదా? చర్చింపుము. పది మార్కులు.' పేపర్లు ఇద్దరు దిద్దారు. 'అయినది' అని రాసినవాళ్ళకి ఒకాయన తొమ్మిది వేశారు, రెండో ఆయన సున్నా వేశారు. 'కాలేదు' అని రాసినవాళ్ళకి ఇవే మార్కులు తారుమారయ్యాయి. ఇరవై ఏడుగురు మళ్ళీ దిద్దమని అర్జీ పెట్టుకున్నారు. సరైన జవాబేదో మహాసభే చెప్పాలని పరీక్షల విభాగం రాసింది.

తొమ్మిది వేసినాయన రెవరెండ్ డాక్టర్ జయశీల్, మహాసభ సిద్ధాంత స్థాయీ సంఘం కన్వీనరు. సున్నా వేసినాయన గొల్లమూడి ఏలియా, రిటైరైన తహసీల్దారు, మహాసభ ఉపాధ్యక్షుడు. ఆఫీసు ఎదుటి టీ కొట్టువాళ్ళు ఒక వర్గానికి పడిన పార్టీ అనీ, రెండో వర్గానికి పడని పార్టీ అనీ పేర్లు పెట్టారు. ఆ పేర్లను రెండు వర్గాలూ ఖండించాయి. తర్వాత వాడుకున్నాయి.

మంగళవారం చర్చ ఐదు గంటలు సాగింది.

"భ్రష్టత్వము సంభవించుట లేఖనానుసారము," అన్నారు జయశీల్. "సంభవించని యెడల, సంఘమును పునఃస్థాపించుటకు మిషనరీ దొరగారు కాలువలో పడవ వేసికొని ఇంత దూరము వచ్చుట దేనికి?"

"పడిందంటున్నారు, బాగుంది," అన్నారు ఏలియా. "పడినదానికి మనం వారసులం ఎలా అవుతామండీ? మధ్యలో పద్దెనిమిది వందల ఏళ్ళు ఎవరి స్వాధీనంలో ఉన్నట్టు? టైటిలు తెగిపోయిందని మనకి మనమే రాసిచ్చుకుంటున్నాం."

చివరికి ఆమోదం పొందిన పదిహేడో తీర్మానం ఇది: 'ఆది సంఘము భ్రష్టమైనదని ఈ మహాసభ తీర్మానించుచున్నది. భ్రష్టమైన తేదీ: తరువాత నింపబడును.' తేదీ గడి ఖాళీగా ఉండడానికి కారణం పడిన పార్టీయే. ఏ శతాబ్దంలో పడిందన్నదాని మీద అందులోనే నాలుగు అభిప్రాయాలు వచ్చాయి.

బుధవారం ఉదయం పదింబావుకి మహాసభ ఆఫీసు సూపరింటెండెంటు జ్ఞానప్రకాశం సంఘాల రిజిస్టర్ తెరిచాడు. తీర్మానాలను రిజిస్టర్లోకి ఎక్కించడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాడు. రిజిస్టర్లో ఒకటో నంబరు: 'ఆది సంఘము, పొన్నలపాడు. స్థాపన 1887.' ఆ ప్రాంతంలో మొదట కట్టిన గుడి కాబట్టి ఆ పేరు. బోర్డు మీదా అదే ఉంది. జ్ఞానప్రకాశం 'స్థితి' అనే గడిలో 'సజీవము' కొట్టేసి 'భ్రష్టము' అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. మధ్యాహ్నం బస్సులో ఉత్తరం పంపాడు.

గురువారం ఉదయం ఆరుంబావుకి పొన్నలపాడులో దీవెనమ్మ చనిపోయింది. ఆమె వయసు ఎనభై నాలుగు. ముప్పై ఒక్క ఏళ్ళు బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఉద్యోగంలో, పనిచేసింది. భర్త పరంజ్యోతి 1996లో పోయాడు. సమాధుల తోటలో అతని పక్కన ఆమెకి స్థలం ఉంది. రాయి ఒక్కటే. దాని మీద ఇద్దరి పేర్లూ అప్పుడే చెక్కించింది. తన పేరు కింద తేదీ మాత్రం వదిలేయించింది.

పదకొండు గంటలకి ఉత్తరం అందింది. సంఘం పాస్టరు బర్నబా దాన్ని దీవెనమ్మ ఇంటి ముందు షామియానా కింద నిలబడి చదివాడు.

'క్రీస్తునందు ప్రియ సహోదరా, వందనములు. తమ సంఘము భ్రష్టమైనట్లు తీర్మానము నం. 17 ద్వారా నిర్ధారింపబడినది. రూలు 44 ప్రకారము, అభిషేకము పొందిన ఏ సేవకుడును భ్రష్ట సంఘమునందు వివాహము గాని, భూస్థాపన గాని జరుపరాదు. సమాధుల తోట గేటుకు తాళము వేసి, తాళంచెవిని ఆఫీసుకు స్వాధీనపరచవలెను. ప్రభువు మిమ్మును దీవించును గాక.'

బర్నబా ఫోన్ చేశాడు.

"జ్ఞానప్రకాశం గారూ, మా సంఘం భ్రష్టమైందంట?"

"అవునండయ్యగారూ. బాధగా ఉంది."

"ఎప్పుడు?"

"మొన్న, నాలుగూ నలభైకి."

"ఏం చేసిందని?"

"కారణం తీర్మానంలో లేదండి. తేదీ కూడా తర్వాత నింపుతారు."

దీవెనమ్మ కూతురు తబిత ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సు. ఉత్తరం రెండుసార్లు చదివింది. "మా అమ్మ డెబ్బై ఏళ్ళు ఆ గుడికెళ్ళింది. పడితే ఆవిడకి తెలీదా?" అంది. ఫ్రీజర్ బాక్సు తెప్పించి, ఇన్వర్టర్ కలిపించి, పాస్టరుని వెంటబెట్టుకుని బస్సెక్కింది. మహాసభ ఆఫీసు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.

గేటుకి తాళం వేసి బర్నబా తెచ్చిన తాళంచెవిని జ్ఞానప్రకాశం ముందు తీసుకున్నాడు. కవరులో పెట్టి లక్క సీలు వేశాడు. రసీదు ఇచ్చాడు. తర్వాత కూర్చోమన్నాడు.

"ఆ తీర్మానం మా గుడి గురించి కాదండీ," అంది తబిత. "రెండువేల ఏళ్ళ కిందటి సంఘం గురించి."

అతను రిజిస్టర్ ఆమె వైపు తిప్పాడు. "ఆ సంఘం ఇందులో ఎక్కడుందో చూపించమ్మా. నంబరు చెప్తే ఇప్పుడే మార్చేస్తాను."

"దానికి నంబరెక్కడుంటుందండీ?"

"నంబరు లేని సంఘం మీద మహాసభ తీర్మానం చెయ్యదమ్మా. ఇరవై ఆరేళ్ళలో నేను చూళ్ళేదు."

"అయ్యగారూ, మీరైనా చెప్పండి," అంది తబిత.

"పొరపాటండీ ఇది," అన్నాడు బర్నబా.

"కావచ్చండయ్యగారూ. పొరపాటని పైనుంచి రెండు ముక్కలు రాయించుకు రండి. దిద్దేస్తాను."

పై అంతస్తులో జయశీల్, ఏలియా ఇద్దరూ ఉన్నారు. జయశీల్ ఉత్తరం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పొరపాటు జరిగిన మాట వాస్తవము. మృతురాలు ఎవరు?"

"మా అమ్మండి. బైబిలు స్త్రీ దీవెనమ్మ."

"పొన్నలపాడు దీవెనమ్మా?"

"అవునండి."

జయశీల్ లెటర్‌హెడ్ తీసుకుని రాయడం మొదలుపెట్టారు: 'తీర్మానమునందలి ఆది సంఘము, పొన్నలపాడు ఆది సంఘము కాదని ఇందుమూలముగా...' ఉపాధ్యక్షుడి సంతకం కూడా కావాలి. ఏలియా కాగితం అందుకున్నారు.

"పెడతానండీ, సంతకానికేముంది? ఒక్క మాట తేల్చండి. పొన్నలపాడు సంఘం ఆ పాత సంఘానిదే అంటారా, కాదంటారా? కాదంటే మనది వేరే మతం. అవునంటే అదీ పడినట్టే. ఇదొక్కటీ పడలేదంటారా, అప్పుడు తమరి తీర్మానం పడినట్టు."

"తమరే చెప్పుడు."

"నేను పడలేదంటాను. రాసిస్తాను కూడా. కాకపోతే అపొస్తలుల దగ్గర్నుంచి పొన్నలపాడు దాకా లింకు డాక్యుమెంట్లు ఉండాలి." ఆయన బర్నబా వైపు తిరిగారు. "ఉన్నాయా అయ్యగారూ?"

"1887 నుంచి ఉన్నాయండి."

"ముందువి?"

"ముందువి ఎవరి దగ్గరున్నాయో తెలీదండి."

జయశీల్ పెన్నుకి క్యాప్ పెట్టారు. ఉత్తరం సంతకం కాలేదు. దానికి బదులు మూడుంబావుకి ఒక ఉపసంఘం ఏర్పడింది. పేరు పతన విచారణ ఉపసంఘం. సభ్యులు జయశీల్, ఏలియా. నమోదు చేసేది జ్ఞానప్రకాశం. విచారణ సోమవారం అని ముందు రాశారు. జయశీల్ దాన్ని కొట్టేసి శుక్రవారం అని రాశారు.

"మా అమ్మ ఐసు పెట్టెలో ఉందండీ," అంది తబిత.

"శుక్రవారము ప్రథమ అంశముగా స్వీకరింపబడును," అన్నారు ఆయన.

శుక్రవారం పదింటికి ఉపసంఘం పొన్నలపాడు గుడి ముందు దిగింది. జ్ఞానప్రకాశం సీలు వేసిన కవరు కూడా తెచ్చాడు, తెరవడానికి అధికారం లేదని ముందే చెప్పాడు. గుడి కొలతలు తీసుకున్నారు. సమాధుల తోట బయటి నుంచి చూశారు. 'ఇతర విషయములు' కింద 'తూర్పు గోడ లేదు' అని రాసుకున్నారు. వరండాలో బల్ల వేసి సాక్షుల్ని పిలిచారు. మొదటి సాక్షి నతాను. వయసు డెబ్బై రెండు. యాభై ఏళ్ళుగా ఆ తోటలో గుంటలు తీసేది అతనే.

"సంఘమునందు భ్రష్టత్వము మీ దృష్టికి ఎప్పుడు వచ్చినది?" అని అడిగారు జయశీల్.

"అంటే ఏంటండీ?"

"పడిపోవడం," అన్నారు ఏలియా.

"పడిపోవడమా? ఉప్పెన రోజునండి. డెబ్బై ఏడు, నవంబరు పంతొమ్మిది. పైకప్పు పడింది. ఈ పక్క గోడ పడింది. తోట గోడ తూర్పుది పడింది. గంట వెళ్ళి కాలవలో పడింది. ఇంకా చెప్పమంటారా?"

జయశీల్ తీర్మానం నకలు తీసి చూశారు. గడిలో తేదీ, నెల, సంవత్సరం, మూడూ కావాలి. మూడేళ్ళ చర్చలో ఏ పండితుడూ మూడూ ఇవ్వలేకపోయాడు.

"తిరిగి లేచినది ఎప్పుడు?"

"డెబ్బై తొమ్మిది ఈస్టర్‌కండి. మేమే లేపాం. రేకులేశాం."

ఏలియా వేళ్ళ మీద లెక్కపెట్టారు. "అంటే పదిహేడు నెలలు. అంతకు ముందు నిలిచే ఉంది, తర్వాతా నిలిచే ఉంది. ఇదొప్పుకుంటే నాకు లింకు దొరికినట్టేనండి."

"పతనము మాత్రము జరిగినది," అన్నారు జయశీల్.

"జరిగిందండి. ఎవరు కాదన్నారు?"

పదకొండూ ఇరవైకి, ఆది సంఘం 1977 నవంబరు 19న పడి 1979 ఈస్టర్ నాడు లేచిందని ఉపసంఘం ఏకగ్రీవంగా నిర్ధారించింది. పడిన పార్టీ, పడని పార్టీ చేతులు కలిపాయి. ఇద్దరికీ కొబ్బరినీళ్ళు ఇచ్చారు.

"అయితే ఇప్పుడు నిలిచే ఉందిగా," అన్నాడు బర్నబా. "మధ్యాహ్నం భూస్థాపన పెట్టుకోమంటారా?"

జ్ఞానప్రకాశం చెయ్యెత్తాడు. "మధ్య కాలం తేలాలండయ్యగారూ. నతానూ, ఆ పదిహేడు నెలలూ ఆరాధన ఎక్కడ జరిగింది?"

"దీవెనమ్మక్క అరుగు మీదండి. ఊళ్ళో నిలబడింది ఆ ఇల్లొక్కటే. ప్రార్థనా అక్కడే, గంజీ అక్కడే."

"నడిపిందెవరు?"

"ఆవిడే. అప్పటి అయ్యగారు ఉప్పెనలో పోయారుగా. నెలకోసారి పక్కూరి అయ్యగారొచ్చి కాలవలో బాప్తిస్మాలిచ్చేవారు."

"అరుగు మీద ఆరాధనకి మహాసభ అనుమతి తీసుకున్నారా?"

"ఎవర్నడగాలండీ? నూటారుగురిని పూడ్చాం. అడగాల్సినవాళ్ళు కూడా అందులోనే ఉన్నారు."

జ్ఞానప్రకాశం రాయడం ఆపి, రూల్స్ పుస్తకం తెరిచాడు. రూలు 45 చదివాడు. పతన కాలంలో జరిగిన కార్యాలు చెల్లవు. ఆ కాలంలో అనుమతి లేకుండా కూటమి నడిపినవాళ్ళు వేరు కూటమి పెట్టినవాళ్ళవుతారు. వేరు కూటమి పెట్టినవాళ్ళకి సమాధుల తోటలో స్థలం లేదు.

"అంటే?" అంది తబిత.

"అంటే మీ అమ్మగారికి... రూలు అలా ఉందమ్మా."

"ఆవిడ గంజి పోసింది."

"గంజి గురించి రూలు లేదమ్మా. ప్రార్థన గురించే."

"రూలు 45కు మినహాయింపు ఏదైననూ కలదా?" అని అడిగారు జయశీల్.

"లేదండి. తమరే రాశారు."

చెల్లని కార్యాల జాబితా తయారుచెయ్యాలి కాబట్టి బాప్తిస్మాల రిజిస్టర్ తెప్పించారు. దాన్ని ఉప్పెన నీళ్ళలోంచి తీసి ఎండబెట్టినట్టు అట్ట చూస్తే తెలుస్తుంది. ఏలియా ఒక్కొక్క పేరూ చదువుతుంటే జ్ఞానప్రకాశం రాసుకున్నాడు. ఇరవై మూడో పేరు దగ్గర ఏలియా ఆగారు.

"1978 ఫిబ్రవరి పన్నెండు. మేకల జయశీల్, వయసు పన్నెండు." ఆయన తలెత్తారు. "ఇది తమరేనా?"

"నేనే."

"ఆ అరుగు మీది కూటంలోనా?"

"మా ఇల్లు కొట్టుకుపోయిందండి. నేనూ మా చెల్లీ ఏడాది పాటు ఆ అరుగు మీదే పడుకున్నాం. వాక్యం చెప్పింది ఆవిడే. అక్షరాలు దిద్దించిందీ ఆవిడే."

నాలుగు రోజుల్లో ఆయన మామూలు భాషలో మాట్లాడడం అదే మొదటిసారి. జ్ఞానప్రకాశం దాన్ని కార్యాలయ భాషలోకి మార్చి రాసుకున్నాడు.

ఏలియా కాగితం తీసి లెక్క వేశారు. బాప్తిస్మం చెల్లకపోతే అభిషేకం, అంటే పాస్టరు హోదా, చెల్లదు. అభిషేకం చెల్లకపోతే జయశీల్ ఇచ్చిన బాప్తిస్మాలు చెల్లవు. మంగళవారం ఓటు వేసినవాళ్ళలో ముగ్గురికి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ముగ్గురూ పడిన పార్టీ. ఆయనతో కలిపి నలుగురు.

"నలభై ఒకటిలో నాలుగు తీస్తే ముప్పై ఏడు. అవతల ముప్పై ఎనిమిది. తీర్మానం ఓడిపోయిందండీ. సంఘం పడలేదు."

"పడకపోతే పతన కాలం లేదుగా," అన్నాడు బర్నబా. "అప్పుడు ఆయన బాప్తిస్మం చెల్లుతుంది."

"చెల్లితే ఓటు చెల్లుతుంది," అన్నారు ఏలియా. "నలభై ఒకటి. మళ్ళీ పడింది."



"రిజిస్టర్లో ఏం రాయమంటారండీ?" అని అడిగాడు జ్ఞానప్రకాశం.

"పెన్సిలుతో రాయి," అన్నారు ఏలియా.

తబిత బల్ల దగ్గరికి వచ్చింది. "అయ్యలూ, పడిందో లేచిందో మీరు నిదానంగా తేల్చుకోండి. మా అమ్మకి ఇది రెండో రోజు. ఆవిడ మా నాన్న పక్కన ఉండాలి. వాక్యం చదవాలి. పుస్తకంలో పేరెక్కాలి. ఎవరు చేస్తారో చెప్పండి."

"నేను చేస్తానమ్మా," అన్నాడు బర్నబా.

"మీరు చేస్తే ఉద్యోగం పోద్దండయ్యగారూ," అన్నాడు జ్ఞానప్రకాశం. "రూలు 44."

ఏలియా రూల్స్ పుస్తకం లాక్కుని రూలు 44 రెండుసార్లు చదివారు. ముప్పై నాలుగేళ్ళు రెవెన్యూలో ఉన్న మనిషి. "ఇందులో ఏముందంటే, 'అభిషేకము పొందిన ఏ సేవకుడును' జరపకూడదు. అంతేగా? పొందనివాడు జరపకూడదని లేదు." ఆయన జయశీల్ వైపు చూశారు. "తమరి సంగతి ప్రస్తుతం పెన్సిలులో ఉంది. అది ఇంకుతో తేలేదాకా తమరికి ఈ రూలు తగలదండి."

జయశీల్ తీర్మానం నకలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రేపు తొమ్మిదింటికి వస్తానమ్మా," అన్నారు తబితతో.

"తాళంచెవి ఇవ్వడానికి లేదండి," అన్నాడు జ్ఞానప్రకాశం. "సీలు తియ్యాలంటే కార్యవర్గం తీర్మానం కావాలి. సమావేశం నవంబరు ఆరున."

"గేటుతో మనకేం పని?" అన్నాడు నతాను. "తూర్పు గోడ లేదుగా."

శనివారం తొమ్మిదింటికి పెట్టె లేచింది. కాలవలో దొరికిన పాత గంట ఎనభై నాలుగుసార్లు కొట్టారు. సుమారు మూడు వందల మంది తాళం వేసిన గేటు పక్కనుంచే గోడ వెంబడి వెళ్ళి, తూర్పు వైపు నుంచి తోటలోకి వచ్చారు. జయశీల్ తెల్ల అంగీ వేసుకోలేదు, చొక్కా ప్యాంటుతో వచ్చారు. వ్యక్తిగత హోదాలో వచ్చానని జ్ఞానప్రకాశానికి చెప్పారు. బర్నబా జనంలో నిలబడ్డాడు. జయశీల్ వాక్యం చదివారు. మధ్యలో రెండుసార్లు ఆగారు. మొదటి పిడికెడు మట్టి తబిత వేసింది, రెండోది ఆయన వేశారు. ఏలియా పాటల పుస్తకం తిరగేసి పట్టుకుని పాడారు.

భూస్థాపన రిజిస్టర్లో 'జరిపినవారు' అన్న గడిలో 'మేకల జయశీల్' అని ఉంది. 'హోదా' అన్న గడి ఖాళీ.

పదకొండూ ముప్పై ఐదుకి రాళ్ళు చెక్కే అతను రాయి మీద దీవెనమ్మ పేరు కింద తేదీ పూర్తి చేశాడు.

బోధకుల పరీక్ష రాసిన ఇరవై ఏడుగురి ఫలితాలు ఆపి ఉంచారు. సంఘాల రిజిస్టర్లో ఒకటో నంబరు ఎదురుగా 'సజీవము', 'భ్రష్టము' అన్న రెండు మాటలూ మళ్ళీ రాసి ఉన్నాయి, ఈసారి రెండూ పెన్సిలుతోనే. నవంబరు ఆరున జరగవలసిన కార్యవర్గ సమావేశం కోరం లేక వాయిదా పడింది. పదిహేడో తీర్మానంలో తేదీ ఇంకా నింపలేదు. తాళంచెవి సీలు వేసిన కవరులో ఉంది. గేటుకి తాళం ఉంది. తూర్పు గోడ లేదు.